విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో వర్క్‌షాపులు, సాంస్కృతిక కార్యక్రమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గేటు దగ్గరి బోర్డు చదివి, ఇది మనలాంటివాళ్ల కోసం కాదేమో అనుకుని వెనుదిరిగినవాళ్లను చాలామందిని చూశాను. గ్రంథాలయంలో కార్యక్రమాలు నడిపే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి ఆ సంకోచం నాకు బాగా పరిచయం. ఫోన్‌లోనూ, కౌంటర్ దగ్గరా, కార్యక్రమం అయ్యాక మెట్ల మీదా జనం అడుగుతూ వచ్చిన ప్రశ్నలే ఇవి. ఒక్కో గ్రంథాలయానికి ఒక్కో పద్ధతి ఉంటుంది. పద్ధతి మారేచోట ఆ సంగతి చెప్పాను.

నేను అక్కడ చదువుకోలేదు, ఉద్యోగమూ చేయడం లేదు. నన్ను రానిస్తారా?

ప్రజలందరికీ అని ప్రకటించిన కార్యక్రమమైతే తప్పకుండా రానిస్తారు. ఎంతవరకు చదివారు, ఏ కాలేజీ అని ఎవరూ అడగరు. సభ్యత్వమూ ప్రవేశమూ ఒకటే అనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తుంది. పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలంటే సభ్యత్వం కావాలి. ప్రసంగం వినడానికి, ప్రదర్శన చూడడానికి, వర్క్‌షాప్‌లో కూర్చోవడానికి అది అక్కర్లేదు. గేటు దగ్గర గుర్తింపు కార్డు అడిగితే మిమ్మల్ని ఆపుతున్నారనుకోకండి. భవనంలో ఎవరెవరున్నారో భద్రతా సిబ్బందికి తెలియాలి, అంతే. ఫలానా కార్యక్రమానికి వచ్చానని చెప్పండి, దారి చూపిస్తారు.

బయటివాళ్లు వచ్చి చూడాలనే తలుపులు తెరిచి ఉంచే విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు కొన్ని ఉన్నాయి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో 1963లో ప్రారంభమైన బైనెకీ గ్రంథాలయానికి కిటికీలు లేవు. గోడల్లో పలచటి పాలరాతి పలకలున్నాయి. ఎండ వాటిలోంచి వడకట్టుకుని లోపలికి వస్తుంది. ఐరోపాలో విడి అచ్చు అక్షరాలతో ముద్రణ మొదలుపెట్టిన గూటెన్‌బర్గ్ అచ్చువేసిన బైబిల్ ప్రతిని అక్కడ ఎవరైనా చూడవచ్చు. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌లోని జాన్ రైలండ్స్ గ్రంథాలయం 1900లో పాఠకుల కోసం తెరుచుకుని, 1972లో విశ్వవిద్యాలయంలో కలిసింది. ఈనాటికీ సందర్శకులు వస్తూనే ఉన్నారు.

విద్యార్థుల కోసం పెట్టిన గ్రంథాలయం బయటివాళ్ల కోసం ఇంత శ్రమ ఎందుకు పడుతుంది?

ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు. పుస్తకాలు వాడుక కోసం అన్నది మొదటిది. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అన్నది రెండోది. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం మూడో సూత్రంలో ఉంది: ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు. అల్మారాలో ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న పుస్తకానికి పాఠకుడు ఆ ఏడాది చేరిన విద్యార్థుల్లోనే దొరకాలని ఎక్కడా లేదు. అతను వీధి అవతల ఉండవచ్చు. ఇక్కడ అలాంటి పుస్తకం ఒకటుందని అతనికి తెలియకపోవచ్చు.

మా దగ్గర ఒకసారి పాత ఫొటోల ప్రదర్శన పెట్టాం. ఒక పనిముట్టు కింద మేం రాసిన వివరం తప్పని, అది దేనికి వాడతారో, ఎలా పట్టుకుంటారో ఒక సందర్శకుడు చేత్తో చేసి చూపించాడు. నలభై ఏళ్లుగా ఆయన చేస్తున్న పని అదే. మర్నాడు వివరం మార్చాం. మా సేకరణ గురించి మాకు తెలియనిది బయటినుంచే రావాలి. అందుకే ఈ శ్రమ.

వర్క్‌షాప్‌కి రావాలా, ప్రసంగానికి రావాలా? దేన్ని ఎంచుకోవాలో తెలియడం లేదు.

చేత్తో ఏదైనా చేసి చూడాలనుంటే వర్క్‌షాప్. పదిహేను ఇరవై మందే ఉంటారు, రెండు మూడు గంటలు పడుతుంది, చివరిదాకా ఉండాలి. విని ఆలోచించుకోవాలనుంటే ప్రసంగం లేదా చర్చాగోష్ఠి. నచ్చకపోతే మధ్యలో లేచి వెళ్లవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. ప్రదర్శనకు వేళతో పని లేదు. గ్రంథాలయానికి మొదటిసారి వస్తున్నవాళ్లకు నేను ప్రదర్శనే చెబుతాను. పలకరించేవాళ్లుండరు, తొందరపెట్టేవాళ్లుండరు. భవనం అలవాటయ్యాక మిగతావాటికి రావడం సులువు.

ముందే పేరు నమోదు చేసుకోవాలా?

వర్క్‌షాపులకు తప్పనిసరి. సామాను మనిషి లెక్కన కొంటాం, బల్లలు అలాగే వేస్తాం. ప్రసంగాలకు, కవితా పఠనాలకు ఎక్కువగా నేరుగా రావచ్చు. సీట్లు నిండాయని కనిపిస్తే నిరీక్షణ జాబితాలో పేరు రాయించండి. ఉచిత కార్యక్రమాలకు పేరిచ్చి రానివాళ్లు ఎప్పుడూ కొందరుంటారు కాబట్టి జాబితాలో ముందున్నవాళ్లకు చోటు దొరుకుతూనే ఉంటుంది. రాలేకపోతే దయచేసి ముందురోజైనా ఒక్క మాట చెప్పండి. మీరు చెప్పకుండా మానేసిన కుర్చీలో కూర్చోవాలని ఆశపడి ఇంట్లో ఉండిపోయినవాళ్లు నాకు పేరుపేరునా గుర్తుంటారు.

బైండింగ్ వర్క్‌షాప్‌లో నిజంగా పుస్తకం తయారవుతుందా? నాకు సూదిలో దారం ఎక్కించడమే సరిగా రాదు.

తయారవుతుంది. మొదటి రోజు అందరం ఒకే ఫారంతో, అంటే మడిచిన కాగితాల ఒకే కట్టతో, చిన్న నోటు పుస్తకం కుడతాం. నాలుగైదు కాగితాలు మడిచి ఒకదానిలో ఒకటి పెట్టి, మడత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు పొడిచి, మైనం పట్టించిన నార దారంతో కుట్టడమే. దారం నడిమి రంధ్రంలోంచి వెళ్లి, పైకీ కిందికీ తిరిగి, మళ్లీ నడిమికే వచ్చి ముడిపడుతుంది. మూడు రంధ్రాలతో పుస్తకం నిలుస్తుందా అని అందరికీ అనుమానమే. నిలుస్తుంది.

ఈ వర్క్‌షాప్‌లో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం కుట్టు కాదు, దానికి ముందు కాగితాన్ని తెలుసుకోవడం. యంత్రం మీద తయారైన కాగితంలో పీచు ఎక్కువగా ఒకే దిక్కుకు పరుచుకుని ఉంటుంది. షీటును మడవకుండా ఇటూ అటూ కొద్దిగా వంచి చూడండి. ఒక వైపు తేలిగ్గా వంగుతుంది, రెండో వైపు ఎదురుతిరుగుతుంది. తేలిగ్గా వంగినప్పుడు ఆ వంపు గీత ఎటు సాగుతుందో అదే పీచు దిక్కు. అది పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండాలి. అడ్డం పడితే పేజీలు తెరిచినచోట నిలబడవు, జిగురు తడికి అట్ట వంకర తిరుగుతుంది. ఇంట్లో తెరిచిపెడితే దానంతటదే మూసుకుపోయే పుస్తకం ఏదైనా ఉంటే, కారణం ఇదేమో చూడండి. అరగంట కాగితాలు వంచి చూశాక జనం పుస్తకాన్ని పట్టుకునే తీరే మారిపోతుంది.

అచ్చుకు సంబంధించిన మరో వర్క్‌షాప్ సయనోటైప్. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి. ఇనుము లవణాలు పూసిన కాగితం మీద ఆకో ఈకో పెట్టి ఎండలో ఉంచి నీళ్లలో కడిగితే, ఎండ తగిలినచోట ముదురు నీలం, నీడ పడ్డచోట తెలుపు మిగులుతాయి. అన్నా అట్కిన్స్ అనే వృక్షశాస్త్రవేత్త 1843లో సముద్రపు నాచు బొమ్మలను ఈ పద్ధతిలోనే పుస్తకంగా తెచ్చింది. ఫొటోలతో వచ్చిన తొలి పుస్తకంగా దాన్నే చెబుతారు. మబ్బు పట్టిన రోజున ఎక్కువసేపు ఎండలో ఉంచాలి, అంతకు మించి కష్టం లేదు. పిల్లలకు బాగా నచ్చుతుంది.

ఇంట్లో పాత ఉత్తరాలు, పుస్తకాలు ఉన్నాయి. తెస్తే బాగుచేసి ఇస్తారా?

మేం చేసి ఇవ్వం. ఎలా కాపాడుకోవాలో నేర్పుతాం. ఒకటి రెండు తెచ్చి చూపించండి. తెచ్చేటప్పుడు రెండు గట్టి అట్టల మధ్య పెట్టి తెండి. చుట్టచుట్టవద్దు.

వర్క్‌షాప్‌కి వచ్చేలోపు చేయకూడనివి మాత్రం ఇప్పుడే చెప్పాలి, ఎందుకంటే అవే ఎక్కువ నష్టం చేస్తాయి. చిరిగినచోట పారదర్శక టేపు అంటించవద్దు. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, జిగురు మాత్రం పసుపు మరకై కాగితంలోకి ఇంకి ఉండిపోతుంది. లామినేషన్ చేయించవద్దు. వేడికి కరిగి కాగితానికి అతుక్కున్న ప్లాస్టిక్‌ను మళ్లీ తీయడం దాదాపు అసాధ్యం. ప్రేమతోనే చేయిస్తారు, అందుకే ఆ మాట చెప్పవలసి వచ్చినప్పుడు నాకు బాధగా ఉంటుంది. మరమ్మతులో మొదటి సూత్రం ఒకటే: ఈరోజు చేసినదాన్ని రేపు మరొకరు విప్పగలగాలి. అందుకే నిపుణులు కోజో చెట్టు నారతో చేసే పలచటి జపాన్ కాగితాన్ని, గోధుమలోని గంజి పదార్థంతో కాచిన జిగురును వాడతారు. తడి తగిలితే ఆ అతుకు వదులుతుంది.

పాత కాగితం పెళుసుబారడానికి కారణం వయసొక్కటే కాదు. 19వ శతాబ్దం మధ్యనుంచి గుడ్డపీలికల బదులు చెట్ల గుజ్జుతో కాగితం చేయడం పెరిగింది. ఆ గుజ్జులోని లిగ్నిన్ (చెక్కకు గట్టితనమిచ్చే పదార్థం), సిరా పాకకుండా కలిపిన పటిక కాలం గడిచేకొద్దీ ఆమ్లాన్ని పుట్టిస్తాయి. అందుకే 300 ఏళ్ల నాటి పుస్తకం మెత్తగా తిరుగుతుంటే, నూరేళ్ల నాటి దినపత్రిక చేతిలో పొడిపొడి అవుతుంది. ఆమ్లం లేని కవర్లలో, చల్లగా పొడిగా ఉండే చోట, బయటిగోడకు ఆనకుండా పెడితే ఆ వేగం తగ్గుతుంది.

తడిసిన కాగితాలైతే గంటలు లెక్కపెట్టుకోవాలి. రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. ఎండలో వేయవద్దు. గాలి ఆడేచోట పరిచి, మధ్యమధ్య పీల్చుడు కాగితాలు పెట్టి మారుస్తూ ఉండండి. ఆరబెట్టలేనంత పెద్ద కట్ట అయితే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. వినడానికి వింతగా ఉన్నా గ్రంథాలయాలు వరదల తర్వాత చేసేది ఇదే. గడ్డకట్టినంతకాలం బూజు ఆగుతుంది, మీకు సమయం దొరుకుతుంది.

పురుగుల గురించి కూడా అడుగుతారు. పోర్చుగల్‌లో కొయింబ్రా విశ్వవిద్యాలయపు జొవానినా గ్రంథాలయం 18వ శతాబ్దంలో కట్టింది. అక్కడ అల్మారాల వెనక కాపురముండే గబ్బిలాలు రాత్రిళ్లు పురుగుల్ని తినేస్తాయి. వాటి రెట్ట పడి బల్లలు పాడవకుండా సిబ్బంది సాయంత్రం తోలు దుప్పట్లు కప్పి, పొద్దున్నే తీసి శుభ్రం చేస్తారు. మిగతావాళ్లం పురుగు ఉచ్చులు పెట్టి, నెలనెలా వాటిలో ఏం పడిందో చూసుకుంటాం.

రాతప్రతులు చూపించేటప్పుడు మీరు గ్లౌజులు వేసుకోలేదేం? నిర్లక్ష్యం కాదా?

ఈ ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. గ్లౌజు వేసుకున్న వేలికి కాగితం మందం తెలియదు. నూలు పోగులు చిరిగిన అంచుకు తగులుకుంటాయి, పేజీ మరింత చిరుగుతుంది. అందుకే కాగితం, తోలుకాగితం, తాళపత్రం లాంటివాటిని శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న ఒట్టిచేతులతో పట్టుకోవడమే మేలని ఇప్పుడు చాలా గ్రంథాలయాల అభిప్రాయం. ఫొటోలు, నెగెటివ్‌లు, లోహపు వస్తువులు వేరు. చేతి నూనె వాటి మీద అచ్చుపడిపోతుంది కాబట్టి వాటికి గ్లౌజులు కావాలి. ప్రదర్శన గదిలో మిమ్మల్ని పట్టుకోనిస్తే చేతులకు లోషన్ రాసుకోకుండా రండి. పెన్ను బయట పెట్టి పెన్సిల్ తెచ్చుకోండి.

ప్రదర్శనలో అంత చీకటేమిటి? అక్షరాలు కనబడడం లేదు.

మీ ఇబ్బంది నిజమే. మామూలు ఆఫీసు గదిలో 300 నుంచి 500 లక్సుల (లక్సు అంటే వెలుగు కొలత) వెలుగుంటే, రాతప్రతులు, నీటి రంగుల బొమ్మలున్న అద్దాల పెట్టెల్లో 50 లక్సులే ఉంచుతారు. కాంతి చేసే నష్టం ఏ రోజుకారోజు పోగవుతుంది, వెలిసిన రంగు తిరిగి రాదు. అందుకే కొన్ని నెలలకోసారి తెరిచిన పేజీ మారుస్తారు, లేదా వస్తువునే లోపలికి పంపి మరొకటి పెడతారు. లోపలికి రాగానే పెట్టెల వైపు పోకుండా రెండు నిమిషాలు ఆగండి, కళ్లు అలవాటుపడతాయి. పెద్ద అక్షరాల వివరణ పత్రం ప్రవేశం దగ్గర అడిగితే ఇస్తారు. ఫ్లాష్ లేకుండా ఫొటో తీసుకోనిచ్చే చోట్లు ఎక్కువే, అయినా ఒకసారి అడగండి. వస్తువు మరొకరి నుంచి అరువు తెచ్చిందైతే ఆ అనుమతి మా చేతిలో ఉండదు.

పరిశోధన నైపుణ్యాల వర్క్‌షాప్ నాకెందుకు? నేను పరిశోధకుణ్ణి కాను.

ఒక మందు గురించో, చట్టం గురించో, మీ వంశం గురించో వెతుకుతున్నారా? అయితే మీరు చేస్తున్నది పరిశోధనే.

ఈ వర్క్‌షాప్‌లో నేర్పేవాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది చాలా చిన్న పని. తెలియని చోట ఏదైనా చదివినప్పుడు, అదే పేజీని కిందిదాకా చదివి నమ్మాలో లేదో తేల్చుకోవాలని చూస్తాం. నిజనిర్ధారణ చేసేవాళ్లు అలా చేయరు. ఆ పేజీ వదిలి, దీన్ని రాసినవాళ్లెవరు, వాళ్ల గురించి ఇతరులేమంటున్నారు అని పక్కన మరో నాలుగు పేజీలు తెరుస్తారు. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అరవై దాటినవాళ్లు ఈ పద్ధతి పట్టుకున్నంత త్వరగా ఇరవై ఏళ్లవాళ్లు పట్టుకోవడం నేను చూడలేదు. వాళ్లు మనుషుల్ని అంచనా వేసేది ఎప్పుడూ నలుగురిని అడిగే కదా.

చదివినవాటిని దాచుకోవడానికి జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్పుతాం. అది అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో 2006లో మొదలైంది. సొంత ల్యాప్‌టాప్ తెస్తే మంచిది, లేకపోతే గ్రంథాలయం కంప్యూటర్లే వాడుకోవచ్చు.

విశ్వవిద్యాలయం చందా కట్టే పరిశోధన పత్రికలు నేనూ చదవవచ్చా?

చాలాచోట్ల చదవవచ్చు, ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ప్రచురణకర్తలతో గ్రంథాలయం చేసుకునే ఒప్పందాల్లో, భవనంలోకి నడిచి వచ్చి అక్కడి కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాళ్లు ఎవరైనా చదువుకోవచ్చన్న నిబంధన తరచుగా ఉంటుంది. ఇంటినుంచి మాత్రం కుదరదు. కౌంటర్‌లో "బయటి పాఠకులకు కంప్యూటర్ ఉందా" అని అడగండి. కార్యక్రమానికి వచ్చిన రోజే ఓ గంట ముందుగా వస్తే రెండు పనులూ అవుతాయి.

చందా లేకుండా చదవగలిగేవీ చాలా ఉన్నాయి. భౌతికశాస్త్రం, గణితం లాంటి రంగాల పరిశోధన పత్రాలు 1991లో మొదలైన ఆర్‌కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితం. ప్రజలందరికీ తెరిచి ఉన్న పత్రికల జాబితా ఒకటి 2003లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో మొదలై ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. పరిశోధన ఫలితాలు అందరికీ ఉచితంగా అందాలన్న బుడాపెస్ట్ ప్రకటన వచ్చింది 2002లో. ఏటా అక్టోబరులో జరిగే ఓపెన్ యాక్సెస్ వారంలో గ్రంథాలయాలు దీని మీదే కార్యక్రమాలు పెడతాయి.

వికీపీడియా రచనా శిబిరానికి రావాలంటే ఏం తెలిసి ఉండాలి?

టైపు చేయడం వస్తే చాలు. పాత ఫాంట్లలో రాసిన తెలుగు అక్కడ పనికిరాదు, యూనికోడ్ కీబోర్డు కావాలి. ఫోన్‌లో తెలుగు టైపు చేస్తుంటే మీకది ఇప్పటికే వచ్చు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. గ్రంథాలయంలో శిబిరం పెట్టడానికి కారణం, చెప్పిన ప్రతి మాటకూ ఆధారం చూపించాలన్న అక్కడి నియమం. ఆధారాలు ఉండేది మా అల్మారాల్లో. 2016 జనవరిలో, వికీపీడియాకు 15 ఏళ్లు నిండిన సందర్భంగా, ప్రతి గ్రంథాలయ ఉద్యోగీ ఒక్క ఆధారం చేర్చాలన్న పిలుపు వచ్చింది. అది ఇప్పటికీ ఏటా సాగుతోంది. మీ గురించి మీరు రాసుకోకూడదు, ఆధారం లేని సొంత పరిశోధన పెట్టకూడదు. ఈ రెండు గుర్తుంటే మిగతావి అక్కడే నేర్చుకోవచ్చు. మొదటి రోజే కొత్త వ్యాసం రాయాలని కూర్చోకండి. ఉన్న వ్యాసంలో ఆధారం లేని వాక్యం ఒకటి పట్టుకుని, దానికి సరైన పుస్తకం వెతికి, పేజీ సంఖ్యతో సహా చేర్చండి. సాయంత్రానికి అదొక్కటే పూర్తయినా మంచి పని చేసినట్టే.

'మనిషే పుస్తకం' అని ప్రకటించారు. అదేమిటి?

2000 సంవత్సరంలో డెన్మార్క్‌లో జరిగిన రోస్కిల్డ్ ఉత్సవంలో మొదలైన పద్ధతి. ఒక మనిషి తన జీవితంలోని ఒక అనుభవాన్ని శీర్షికగా పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంటాడు. మీరు అతన్ని అరగంట 'అరువు' తీసుకుని మాట్లాడతారు. మామూలుగా ఎదురుగా అడగలేని ప్రశ్న అడగవచ్చు. జవాబు చెప్పకపోయే హక్కు అతనికుంది. రికార్డింగ్ ఉండదు. ఎవరినీ తమ కథ చెప్పమని బలవంతం చేయం, పుస్తకంగా కూర్చునేవాళ్లతో ముందుగా రెండు మూడుసార్లు మాట్లాడి సిద్ధం చేస్తాం.

కవితా పఠనంలో నా కవిత చదవాలని ఉంది. ఇంతవరకు ఎక్కడా అచ్చుకాలేదు.

అచ్చు కావలసిన పనిలేదు. ఆహ్వానిత కవుల పఠనం అయ్యాక ఎవరైనా చదివే సమయం ఉంటుంది. వచ్చిన వెంటనే పేరు రాయించండి. ఐదు నిమిషాలిస్తే నాలుగు నిమిషాల కవిత తెచ్చుకోండి. ఇంట్లో గడియారం పెట్టుకుని ఒకసారి పైకి చదివి చూసుకోండి. మనసులో చదివినదానికన్నా పైకి చదవడానికి ఎక్కువ సమయం పడుతుంది. కవితకు ముందు దాని నేపథ్యం చెప్పకండి, నేరుగా చదివేయండి. ఫోన్‌లోంచి కాకుండా పెద్ద అక్షరాలతో కాగితం మీద తెచ్చుకుంటే తల ఎత్తి చదవగలరు. గొంతు వణికితే వణకనివ్వండి. వినడానికి వచ్చినవాళ్లు ఎదురుచూసేది కవిత కోసమే.

ఇంట్లో పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయడం నేర్పుతారా?

మౌఖిక చరిత్ర వర్క్‌షాప్‌లో నేర్పేది అదే, దానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇందుకే వస్తారు. ఆలస్యం చేయవద్దని మాత్రం ప్రతి ఒక్కరికీ చెబుతాను. వర్క్‌షాప్ వచ్చే నెలలో ఉంటే, ఈ వారమే ఫోన్‌లోనైనా ఒక గంట రికార్డు చేయండి.

ఫ్యాను ఆపండి. ఫోన్‌ను మెత్తటి గుడ్డ మీద, మాట్లాడేవాళ్లకు దగ్గరగా పెట్టండి. వీలుంటే వేవ్ ఫైలుగా రికార్డు చేయండి, అందులో ధ్వని కుదింపు ఉండదు. మొదట్లోనే తేదీ, ఇద్దరి పేర్లు పైకి చెప్పండి. ముప్పై ఏళ్ల తర్వాత ఫైలు పేరు పోయినా గొంతు చెబుతుంది. "అప్పుడు కష్టంగా ఉండేదా" అంటే "ఉండేది" అని ఆగిపోతారు. "ఆ ఇంట్లో పొద్దున్నే లేచాక మొదట ఏం చేసేవారు" అని అడిగితే ఇల్లంతా తిప్పి చూపిస్తారు. వాళ్లు ఆగినప్పుడు మీరూ ఆగండి. ఆ మౌనం తర్వాత వచ్చే మాట కోసమే ఇదంతా. రికార్డింగును ఎవరెవరు వినవచ్చో వాళ్లనే అడిగి కాగితం మీద రాయించుకోండి. మూడు ప్రతులు ఉంచండి, ఒకటి మీ ఇంట్లో కాకుండా మరోచోట.

సినిమా ప్రదర్శనకు ఫలానా సినిమా వేయవచ్చు కదా? నా దగ్గర డీవీడీ ఉంది.

డీవీడీ కొన్నా, ఓటీటీ చందా కట్టినా మీకు వచ్చేది ఇంట్లో చూసుకునే హక్కే. నలుగురిని పిలిచి వేయాలంటే బహిరంగ ప్రదర్శన హక్కు విడిగా తీసుకోవాలి, టిక్కెట్ లేకపోయినా సరే. హక్కుదారు ఎవరో తెలియని పాత చిత్రాలతో మరీ కష్టం. మేం కాపీహక్కు గడువు తీరినవి, అనుమతి దొరికినవి వేస్తాం.

పిల్లల్ని తీసుకురావచ్చా?

పిల్లలకని ప్రకటించినవాటికి తప్పకుండా తెండి, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. దబ్బనం, కత్తి వాడే వర్క్‌షాపులకు వయసు పరిమితి ఉంటుంది. ప్రసంగాలకు చంకబిడ్డతో వచ్చే తల్లులు తలుపు దగ్గరి కుర్చీ అడగండి. ఏడిస్తే బయటికి వెళ్లి మళ్లీ రావడానికే ఆ కుర్చీలు ఖాళీగా ఉంచుతాం.

నాకు చూపు లేదు. వచ్చి ఏం చేయాలి?

రండి. పేరు నమోదు చేసేటప్పుడే ఏం కావాలో చెబితే మంచి ఏర్పాటు చేయగలం. స్లైడ్లు ముందుగా పంపమని వక్తను అడుగుతాం, తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ సిద్ధం చేస్తాం. బైండింగ్, పాత పనిముట్ల వర్క్‌షాపులు ఎలాగూ చేతితో తడిమి నేర్చుకునేవే. వినికిడి సమస్య ఉన్నవాళ్లు సైగభాష దుబాసీ కావాలంటే కనీసం రెండు వారాల ముందు చెప్పండి. మంచి దుబాసీలు దొరకడం కష్టం. చక్రాల కుర్చీకి మెట్లు లేని దారి ఏ వైపు ఉందో ప్రకటనలో లేకపోతే అది మా తప్పు, ఫోన్ చేసి అడగండి.

చూపులేనివాళ్లకు చదవగలిగే రూపంలో పుస్తకాలు తయారుచేసి, దేశాల మధ్య పంచుకోవడానికి కాపీహక్కు అడ్డు కాకుండా 2013లో మరకేష్ ఒప్పందం కుదిరింది. 2016 నుంచి అమల్లో ఉంది. మీకు కావలసిన పుస్తకం అలాంటి రూపంలో ఎక్కడైనా ఉందేమో వెతికిపెట్టమని గ్రంథాలయాన్ని అడగవచ్చు.

సర్టిఫికెట్ ఇస్తారా?

కొన్నిటికి ఇస్తారు, ఎక్కువవాటికి ఇవ్వరు. ఉద్యోగానికి అవసరమైతే హాజరు పత్రం అడగండి.

ఇన్ని నియమాలు దేనికి? నీళ్ల సీసా కూడా బయట పెట్టమంటారు.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు బోడ్లియన్ గ్రంథాలయం 1602లో తెరిచారు. అక్కడ కొత్తగా చేరే పాఠకులు లోపల నిప్పు తేను, వెలిగించను అని నేటికీ ప్రమాణం చేస్తారు. దీపాలతో చదివిన రోజుల్లో పుట్టిన మాట అది. నియమాలన్నీ ఏదో ఒక నష్టం తర్వాతో, దాని భయంతోనో పుట్టినవే. నీళ్ల సీసా సంగతి తడిసిన కాగితాల గురించి పైన చదివాక మీకే తెలుస్తుంది. సమావేశపు హాల్లో సీసా ఉంచుకోవచ్చు, రాతప్రతుల గదిలోనే కుదరదు.

కార్యక్రమాన్ని వీడియో తీస్తారా? నా ముఖం కనబడడం ఇష్టం లేదు.

తీస్తే ముందే బోర్డు పెట్టి చెప్పాలి. కెమెరా పడని వరస ఒకటి ఉంచుతాం, అక్కడ కూర్చోండి. ప్రశ్న అడిగేటప్పుడు మీ గొంతు వద్దనుకుంటే కాగితం మీద రాసివ్వండి, నిర్వాహకులు చదువుతారు.

నేనే ఒక కార్యక్రమం చేయాలనుకుంటున్నాను. ఎవరిని అడగాలి?

కార్యక్రమాల విభాగానికి ఒక పేజీ రాసి పంపండి, కనీసం మూడు నాలుగు నెలల ముందు. ఏం చేస్తారు, ఎవరి కోసం, ఎంతమంది పడతారు, ఏ సామాను కావాలి అన్నవి ఉండాలి. వీటన్నిటికన్నా నేను ముందు చూసేది మరొకటి: మా సేకరణతో దీనికి సంబంధమేమిటి? జానపద గేయాల సాయంత్రం చేస్తామని ఒక బృందం వస్తే వెంటనే ఒప్పుకోవాలనిపిస్తుంది. ఆ గేయాల పాత సంకలనాలు మా దగ్గరున్నాయని చూసి, వాటిని హాలు పక్కన పెట్టి, పాడినదానికీ అచ్చయినదానికీ తేడాలు చెబుతామంటే ఆ సాయంత్రం మా దగ్గర తప్ప ఇంకెక్కడా జరగదు. కాబట్టి రాసేముందు ఒకసారి వచ్చి అల్మారాలు చూడండి. సరుకు అమ్మకాలకు, ఎన్నికల ప్రచారానికి చోటివ్వరు. పుస్తకావిష్కరణలకు ఇచ్చే పద్ధతి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ప్రతిపాదన తిరస్కరిస్తే కారణం అడగండి. చాలాసార్లు హాలు ఖాళీ లేకపోవడమే.

నలుగురే వస్తే రద్దు చేస్తారా?

చేయం. బల్ల చుట్టూ కూర్చుంటాం.

వచ్చాను, విన్నాను, అడగాలనుకున్న ప్రశ్న అడగలేక వెళ్లిపోయాను. ఇప్పుడేం చేయను?

రిఫరెన్స్ కౌంటర్‌కి రండి, లేదా రాసి పంపండి. కార్యక్రమం అయిపోయిందని ప్రశ్నకు గడువు తీరదు. వక్తకు చేరవేయగలిగితే చేరవేస్తాం, పుస్తకంలో దొరికేదైతే పుస్తకం తీసి పెడతాం. కౌంటర్ వెనక మేం ఒక నోటు పుస్తకం ఉంచుతాం. అలా ఆలస్యంగా వచ్చిన ప్రశ్నలు అందులో రాసుకుంటాం, వచ్చే ఏడాది కార్యక్రమాలు వేసేటప్పుడు మొదట తెరిచేది దాన్నే. ఇంట్లోని ఉత్తరాల వర్క్‌షాప్ అలా వచ్చిందే. మూసే వేళకు ఒకాయన సంచిలో తడిసిన ఉత్తరాల కట్ట పట్టుకుని వచ్చి, ఇక్కడ ఇలాంటివి అడగవచ్చో లేదో అని చాలాసేపు కౌంటర్ పక్కనే నిలబడ్డాడు.